చీకట్లో కూర్చున్నవాడి ఫోటో

మొన్న ఆదివారం గోపాల్‌పూర్ బీచ్‌లో ఒక కుర్రాడు తగిలాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో, మెడలో పాత ఫిల్మ్ కెమెరా, వాళ్ళ తాతగారిదట. లైట్‌హౌస్ దీపం వెలిగేసింది, సముద్రం రంగు పోయింది, పల్లీల బండి దగ్గర ఒకే ఒక్క చిన్న బల్బు. ఆ వెలుతురులో పొట్లాలు చుడుతున్న ఆవిణ్ణి ఆవిడకి తెలియకుండా తియ్యాలని వాడు బండి చుట్టూ తిరుగుతున్నాడు. నాదీ అదే పిచ్చి కాబట్టి ఆగి పలకరించాను. ఏ రోల్ వేశావు బాబూ అంటే 200 అన్నాడు. ఆ అంకె ఎంత పెద్దదైతే ఫిల్మ్ అంత తక్కువ వెలుతురులో పనిచేస్తుంది. కలర్. ఆ వెలుతురుకి 200 రోల్ వేస్తే వచ్చేది బురదే అని చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ ఈలోగా వాడే అందుకున్నాడు: "డిజిటల్‌లో చీకటే ఉండదు అంకుల్. ఫిల్మ్‌లో అయితే చీకటి చీకటిలాగే వస్తుంది."

అంకుల్ అన్నందుకు కాదు గానీ చిరాకేసింది. ఈ మాట ఈమధ్య చాలామంది పిల్లల నోట వింటున్నాను. ఫిల్మ్‌లో ప్రాణం ఉంటుంది, డిజిటల్ ప్లాస్టిక్, వగైరా. ఫిల్మ్ తప్ప ఇంకోటి లేని రోజుల్లో చీకట్లో ఫోటోలు తియ్యబోయి రోళ్ళకి రోళ్ళు తగలేసుకున్నవాణ్ణి, నాకు ఆ ప్రాణం సంగతి బాగా తెలుసు. అయినా బరంపురం తిరిగొస్తుంటే స్కూటర్ మీద దారంతా వాడి మాటలో సగం ముక్క చెవిలో జోరీగలా తిరిగింది. చీకటి చీకటిలాగే రావడం. 2025లో మా ఊరి ఠాకురాణి అమ్మవారి యాత్రలో నేను చేసిన ఒక పని గుర్తొచ్చింది. దాని గురించి రాయాలని అప్పట్నుంచీ వాయిదా వేస్తున్నాను.

లెక్క ఎప్పుడో తేలిపోయింది

ముందు టెక్నికల్ గొడవ వదిలించుకుందాం, అందులో నాకు అనుమానాలేమీ లేవు. మన ఊళ్ళో రాత్రి తొమ్మిదికి దుకాణాలన్నీ తెరిచి ఉన్న వీధి అనుకోండి. 400 ఫిల్మ్ వేసి లెన్సు ఎఫ్ 2 దాకా తెరిస్తే (ఆ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు లోపలికి) సెకనులో ముప్పయ్యో వంతు షట్టర్ దొరుకుతుంది. నిలబడి కబుర్లాడుకునేవాళ్ళకి అది సరిపోతుంది, మనం ఊపిరి బిగపట్టగలిగితే. నడిచేవాడికి చాలదు. వెనక్కి తిరిగి ఫక్కున నవ్వే పిల్లకి అసలే చాలదు. అదే వీధిలో డిజిటల్ కెమెరాకి ఐఎస్ఓ, అంటే ఫిల్మ్‌కి ఉండే ఆ అంకే, 6400 పెడితే షట్టర్ సెకనులో ఐదువందలో వంతుకి పోతుంది, నవ్వు నవ్వులాగే ఆగుతుంది. ఇది నిన్న మొన్నటి వింత కూడా కాదు. 2007లో వచ్చిన నికాన్ డీ3 కే 6400 మామూలు సంగతి. 2014లో సోనీ ఏ7ఎస్ వాళ్ళు 4,09,600 దాకా అంకెలు రాసుకున్నారు. ఆ చివరి అంకెల్లో వచ్చేది ఫోటోనా పెసరపప్పా అన్నది వేరే విషయం.

ఫిల్మ్‌ని పుష్ చెయ్యొచ్చు కదా అంటారు. చెయ్యొచ్చు, నేను ఇప్పటికీ చేస్తున్నాను. 400 ఫిల్మ్‌ని 800 అనో 1600 అనో అనుకొని తీసేసి, ఫిల్మ్ కడిగే మందులో, అంటే డెవలపర్‌లో, ఎక్కువసేపు ఉంచడం. కానీ పుష్ చేస్తే పెరిగేది ఫిల్మ్ మీద ఎంతో కొంత వెలుతురు పడిన భాగాలే. ఏమీ పడని నీడల్లోకి డెవలపర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? తెలుపు ఇంకా తెల్లబడుతుంది, నలుపు నలుపుగానే ఉండిపోతుంది, కాంట్రాస్ట్ పెరిగి బొమ్మ గరుగ్గా వస్తుంది. ఆ గరుకు అందంగా ఉంటుందంటే ఒప్పుకుంటాను, నాకూ ఇష్టమే. కాకపోతే ఎందుకొచ్చిందో తెలిసి ఇష్టపడదాం.

డిజిటల్‌కీ దాని చావు దానికి ఉంది. క్యాండిడ్‌కి, అంటే ఎదుటివాళ్ళకి తెలియకుండా తీసే ఫోటోలకి, చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ కన్నా హాయైనది లేదనుకొని యాత్ర మొదటి రోజు రాత్రంతా అలాగే తీశాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, కంటికి తెలియదు గానీ ఎలక్ట్రానిక్ షట్టర్‌కి తెలిసిపోతుంది. ఇంటికొచ్చి చూసుకుంటే సగం ఫోటోల్లో మనుషుల మీద అడ్డ చారలు. పులివేషాలకి సరే, పూజారికీ చారలే. ఇక కెమెరా వెనక తెర. చీకటి సందులో ఆ తెర వెలిగిందంటే మన మొహం టార్చిలైటు వేసినట్టు కనబడుతుంది, చుట్టూ ఉన్న పిల్లలంతా "ఏదీ చూపించు, ఏదీ చూపించు" అని మీద పడతారు, అక్కడితో క్యాండిడ్ సమాప్తం. తెర మీద నల్ల టేపు అంటించుకొని తిరిగాను కొన్నాళ్ళు.

ఆల్బమ్‌ల సంగతి

"పాతరోజుల్లో ఫోటోలు ఎంత సహజంగా ఉండేవో" అనేవాళ్ళు ఒకసారి ఇంట్లో పెళ్ళి ఆల్బమ్ తీసి చూసుకోవాలి. మా బాబాయికి స్టూడియో ఉండేది. 1996లో పర్లాకిమిడిలో మా అక్క పెళ్ళికి ఆయనే ఫోటోగ్రాఫర్, నేను బ్యాటరీలు మోసే అసిస్టెంటుని. అర్ధరాత్రి ముహూర్తం. ఒక పక్క బాబాయి ఫ్లాషు, ఇంకో పక్క వీడియోవాడి హాలోజన్ లైటు. ఆ లైటు ఎటు తిరిగితే అటు జనం గభాల్న పమిటలు సర్దుకొని, చేతిలో ఉన్న లడ్డూ కింద పెట్టి, నిటారుగా కూర్చునేవాళ్ళు. లైటు దాటిపోగానే మళ్ళీ లడ్డూ, మళ్ళీ నవ్వులు, మళ్ళీ మా మేనత్తల గుసగుసలు. ఆ రెండో రకం క్షణాలు ఒక్కటి కూడా ఆల్బమ్‌లో లేవు. ఉండే అవకాశం లేదు. చీకట్లో ఉన్నదున్నట్టు తియ్యడమనేది మా బాబాయి లాంటి వాళ్ళకి ఫిల్మ్ ఇచ్చిన వరం కాదు, ఆయన తీసిన రాత్రి ఫోటోలన్నీ ఫ్లాష్ ఫోటోలే: ముందు వరసలో సున్నం కొట్టిన మొహాలు, వెనక వరసలో తారు.

ఆయన పోయాక నాకు మిగిలింది ఆయన సొంతానికి వాడుకున్న యాషికా ఎలక్ట్రో 35. దానికి ఎఫ్ 1.7 లెన్సు, పెద్దగా చప్పుడు చెయ్యని షట్టర్. వెలుతురు చాలకపోతే వ్యూఫైండర్‌లో పసుపు దీపం వెలిగి, నెమ్మదవుతోంది నాయనా, చెయ్యి కదపకు అంటుంది. ఫిల్మ్ స్పీడ్ డయల్ 1000 దగ్గర ఆగిపోతుంది కాబట్టి నేను హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు 400 ఫిల్మ్ వేసి 800 దగ్గర పెడతాను. యాత్రలో మెడలో డిజిటల్, భుజాన సంచిలో ఇది.

పులి బీడీ కాల్చుకుంటోంది

యాత్ర గురించి బరంపురం వాళ్ళకి నేను చెప్పేదేముంది. రెండేళ్ళకోసారి బూఢీ ఠాకురాణి అమ్మవారు దేశీబెహరా వీధిలో పుట్టింటికి వస్తుంది, వచ్చిందంటే ఇక ఊళ్ళో రాత్రిళ్ళు ఎవరూ పడుకోరు. 

ఒక రాత్రి పదకొండు దాటాక, డప్పుల మోతకి తల దిమ్మెక్కి, బ్యాటరీ మార్చుకుందామని పక్క సందులోకి వెళ్ళాను. పెద్ద వీధి సీరియల్ లైట్లతో పట్టపగల్లా ఉంది, సందులో మాత్రం దీపం లేదు. మూసేసిన షట్టర్ ముందు అరుగు మీద ఒక ఎర్రచుక్క పైకి లేచి, ఒకసారి రాజుకొని, మళ్ళీ కిందకి దిగింది. బీడీ. మనిషి కనబడలేదు, బీడీ ఉంది కాబట్టి మనిషీ ఉండాలి అంతే. అలవాటు కొద్దీ ఐఎస్ఓ 25600 పెట్టి రెండు కొట్టాను. తర్వాత ఏమనిపించిందో యాషికా తీసి ఒకటి. పసుపు దీపం వెలిగింది, గోడకి ఆనుకొని నొక్కాను, షట్టర్ తెరుచుకున్న టిక్కుకీ మూసుకున్న టిక్కుకీ మధ్య గుటక మింగేంత వ్యవధి.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూశాను. పులి. ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు, మెడ దగ్గర చెమటకి రంగు కారి బనీను అంచులా తేలిన మామూలు చర్మం. పులి తల పక్కన అరుగు మీద బోర్లించి ఉంది. తోక చుట్ట చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు, పక్కవాళ్ళు తొక్కకుండా కాబోలు. గజ్జెలు విప్పేసి ఎడమచేత్తో మడమ నొక్కుకుంటున్నాడు, కుడిచేతిలో బీడీ, కళ్ళు మూసుకొని ఉన్నాడు. పదేళ్ళలో నేను అంతకన్నా మంచి ఫోటో తియ్యలేదు, ఇప్పటికీ అదే మాట అంటాను. రాత్రి రెండింటికి ఫోటోల గ్రూపులో పెట్టేశాను. తెల్లారేసరికి అది అక్కణ్ణుంచి ఎన్ని గ్రూపులకి పోయిందో నాకు తెలియదు.

నాలుగో రోజున ఆయన నన్ను వెతుక్కుంటూ టీ కొట్టుకి వచ్చాడు. తెలుగువాడే, ఒక కొట్లో మూటలు మోస్తాడు. పిల్లకి ఒంట్లో బాగోనప్పుడు వాళ్ళావిడ మొక్కుకుంది, నయమైతే మా ఆయన చేత పులివేషం కట్టిస్తానని. వేషంలో ఉన్నన్నాళ్ళూ బీడీ ముట్టనని ఈయన ఆవిడకి మాటిచ్చాడు. ఫోటో ఆవిడ ఫోన్‌కే వచ్చింది. రెండు రోజులుగా ఇంట్లో మాటల్లేవట.

తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు: "సీకట్లో కూకున్నాను కదా బాబూ. నా సెయ్యి నాకే అగుపడలేదు. నీకెలా అగుపడ్డాను?"

నాకూ అగుపడలేదన్నా అన్నాను. మరైతే ఆ ఫోటో ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆయన అడగలేదు గానీ, ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్యా బల్ల మీద టీ గ్లాసులతో పాటు ఉండిపోయింది.

నా కన్ను చూడనిది

యాషికా రోల్ రెండు వారాల తర్వాత కడిగాను. నలుపు తెలుపు ఫిల్మ్ మా ఊళ్ళో బయట కడిగించే దారి లేదు, మా బాత్‌రూమే ల్యాబ్. డి-76 అనే డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర తొమ్మిదిన్నర నిమిషాలు ఉంచాలి, ఆ ఎండల్లో కుళాయి తిప్పితే 32 డిగ్రీల నీళ్ళు. వీధి చివర చెరుకురసం బండివాణ్ణి బతిమాలి ఐసు ముక్కలు తెచ్చి బకెట్‌లో వేసి, డెవలపర్ సీసా అందులో ముంచి, థర్మామీటర్ చూసుకుంటూ కూర్చున్నాను. బట్టల తీగకి క్లిప్పు పెట్టి ఆరేసి మర్నాడు స్కాన్ చేస్తే, ఆ ఫ్రేములో ఉన్నదల్లా నలుపు. మధ్యలో కొక్కెంలా వంపు తిరిగిన ఒక తెల్లగీత, బీడీ పైకి వెళ్ళిన దారి. కొంచెం పైన భుజం లాంటిది ఏదో, దాని మీద రెండు చారలు, ఉన్నాయనుకుంటే ఉన్నాయి.

అంటే ఆ రాత్రి నేను చూసిందే.

కెమెరా కన్నా కన్ను గొప్పదని మనకొక నమ్మకం. ఐఎస్ఓ 25600 దగ్గర అది తారుమారైపోయింది, ఇప్పుడు కెమెరా మన కన్నా బాగా చూస్తుంది. దాంట్లో తప్పులేదు, నక్షత్రాల ఫోటోలకీ అడవిలో జంతువుల ఫోటోలకీ అదే కావాలి. కానీ క్యాండిడ్ ఫోటో అనేది ఎదుటిమనిషి ఎవరూ చూడట్లేదని అనుకున్నప్పుడు తీసేది. వెలుతురులో ఉన్నవాడికి ఎవరో ఒకరు చూస్తారని లోపల ఎక్కడో తెలుసు, నవ్వినా ఏడ్చినా ఆ మేరకు సర్దుకునే ఉంటాడు. చీకటి చూసుకొని కూర్చున్నవాడు ఆ సర్దుబాటు కూడా వదిలేశాడు. అలా కూర్చునేటప్పుడు వాడు వేసుకునే లెక్క ఒకటే, నా చెయ్యి నాకు కనబడట్లేదు కాబట్టి ఎదుటివాడికీ కనబడదు. ఫిల్మ్ కాలంలో ఆ లెక్క దాదాపుగా తప్పలేదు. నా సెకండ్‌హ్యాండ్ డిజిటల్ కెమెరా తప్పించేసింది.

నా వాదన ఇంతే. చీకటి ఫోటోలకి డిజిటలే వాడదాం, సందేహం లేదు. కానీ ఫిల్మ్ చేతకాక వదిలేసినదాన్ని మనం చేతనై కూడా వదిలెయ్యాలేమో. గోపాల్‌పూర్ కుర్రాడి మాటలో నిజం ఉంటే ఇక్కడే ఉంది, అందంలో లేదు.

ఇంకోటి, ఆలస్యం. 1938 నుంచి 1941 దాకా అమెరికన్ ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ న్యూయార్క్ సబ్‌వే రైళ్ళలో కాంటాక్స్ కెమెరాని కోటు కింద దాచి, లెన్సు మాత్రం గుండీల మధ్య నుంచి బయటపెట్టి, ఎదురు బెంచీ వాళ్ళని వాళ్ళకి తెలియకుండా తీశాడు. ఫ్లాషు లేదు, బోగీలో ఉన్న దీపాలే. తియ్యడం వరకూ నాకన్నా ఘోరం, నేను కనీసం కెమెరా దాచుకోలేదు. కానీ ఆ ఫోటోల పుస్తకం 1966లో గానీ వెయ్యలేదు. పాతికేళ్ళు. ఆ రైల్లో నోరు తెరుచుకొని నిద్రపోయిన మనిషి భార్య మర్నాడు పొద్దున్నే ఆ ఫోటో చూసే ప్రమాదం లేదు. నేను తీసినదానికీ చూపించినదానికీ మధ్య మూడు గంటలు, అందులో గంటన్నర భోజనం, స్నానం. ఆ బీడీ ఫోటో రెండు వారాలు ఆగి ఉంటే యాత్ర అయిపోయేది, మొక్కు తీరిపోయేది, ఆవిడకీ నవ్వొచ్చేదేమో.

ఇదంతా తప్పేమో అని కూడా అనిపిస్తుంది

పత్రికలో పనిచేసే మిత్రుడొకడికి ఇది చెబితే కొట్టిపారేశాడు. "కనబడనివాళ్ళని చూపించడం కాకపోతే మన పనేమిట్రా? వెలుతురులో ఉన్నవాళ్ళని చూపించడానికి మనమెందుకు, వాళ్ళే సెల్ఫీలు దిగుతారు." యాత్రలో ఘటాల వెనక రాత్రంతా చెప్పుల్లేకుండా నడిచే ఆడవాళ్ళున్నారు. లైట్లన్నీ ముందుంటాయి, చివరి వరసల్లో వాళ్ళ మీద పడే వెలుతురు అంతంతమాత్రం. మా బాబాయి తీసిన యాత్ర ఫోటోల్లో వాళ్ళు ఒక్కరూ లేరు. నా డిజిటల్ ఫోటోల్లో ఉన్నారు, కాళ్ళ పగుళ్ళతో సహా. నా కన్ను చూసినంతే చూపిస్తానంటే వాళ్ళని మళ్ళీ చీకట్లోకి తోసెయ్యడమే కదా అన్నాడు.

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. పైగా వాడికి తెలియని సాక్ష్యం ఇంకొకటి నా దగ్గరే ఉంది. అక్క పెళ్ళి ఆల్బమ్‌లో మండపం వెనక నిలబడిన నా ఫోటో. తెల్ల చొక్కా ఉంది, పళ్ళున్నాయి, మధ్యలో నేను లేను. నేను నలుపు, అక్క నా కన్నా నలుపు, ఆవిడకైతే పౌడరు దట్టించి ఫ్లాషు కొట్టి ఎలాగో తేల్చారు. కలర్ ఫిల్మ్, ప్రింట్ల రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్ళు దశాబ్దాల పాటు ల్యాబ్‌లకి పంపిన నమూనా కార్డు మీద ఉన్నది ఒక తెల్ల అమ్మాయి, ఆ కార్డుకి షిర్లీ అనే పేరే స్థిరపడిపోయింది. వెలుతురు తగ్గేకొద్దీ ఫిల్మ్ ముందుగా వదిలేసింది మాలాంటి మొహాలనే. మరి "ఫిల్మ్ చీకటిని గౌరవించింది" అని నేను పద్యం చదివితే, అది ఎవరికి ఎంత గౌరవమో నేనే చెప్పుకోవాలి.

అందుకని నా నియమం ఇప్పటికి ఇలా కుదిరింది, రేపు మారొచ్చు. నడుస్తున్నవాళ్ళని, పని చేస్తున్నవాళ్ళని, నలుగురి మధ్యా ఉండి వెలుతురు చాలక కనబడనివాళ్ళని ఎంత ఐఎస్ఓ అయినా పెట్టి తీస్తాను. నలుగురి నుంచి తప్పుకొని చీకట్లోకి వచ్చి కూర్చున్నవాళ్ళని నా కన్నుకి ఎంత కనబడితే అంతే వచ్చేలా ఎక్స్‌పోజర్ తగ్గించి తీస్తాను, అడక్కుండా ఎక్కడా పెట్టను. చెప్పడానికి బాగానే ఉంది. రా ఫైల్‌లో, అంటే కెమెరా పట్టుకున్నదంతా దిద్దకుండా దాచుకునే ఫైల్‌లో, మూడు స్టాపులు (వెలుతురు ఎనిమిదో వంతుకి) తగ్గించి తీసినా నీడలో మనిషి అలాగే ఉంటాడు, కంప్యూటర్‌లో షాడోస్ అనే గీత కుడివైపు జరిపితే లేచి వస్తాడు. నెగెటివ్‌లో లేనివాడు ఎంత గీకినా రాడు, ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఇక్కడ మాత్రం రాత్రి ఒంటిగంటకి మౌస్ మీద చెయ్యేసి, ఎవరున్నారో చూసి మళ్ళీ వెనక్కి తెచ్చేద్దాం, ఒక్కసారే కదా, అనుకుంటాను. రెండుసార్లు జరిపాను కూడా.

దసరాకి ముందు ఆ పులివేషం ఫోటోలు రెండూ ప్రింటు వేయించి ఆయన పనిచేసే కొట్టుకి పట్టుకెళ్ళాను. ఫిల్మ్ ప్రింటు పెద్దది, ఖరీదైన కాగితం మీద. డిజిటల్‌ది పోస్టుకార్డు సైజు, అదీ మొహమాటంగా కవరులో అడుగున పెట్టాను. ఇదే అసలు ఫోటో అన్నా, ఇందులో నిన్నెవరూ గుర్తుపట్టరు, గోడకి పెట్టుకోవచ్చు అని పెద్దది చేతికిచ్చాను. ఆయన మూట మీద కూర్చొని దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇందులో నానేడి బాబూ?" అన్నాడు. వేలుపెట్టి భుజం చూపించాను, చారలు చూపించాను. మర్యాదకి తలూపి, నాకే తిరిగిచ్చేశాడు.

తర్వాత కవరులో రెండోది ఆయనే తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తోక దగ్గర నవ్వాడు. "రంగు బాగా ఏసినాడు ఆడు" అన్నాడు, తనకి రంగు పూసినవాణ్ణి మెచ్చుకుంటూ. లేచి వెళ్ళబోతూ ఫోటోని కుడిపక్క నుంచి, బీడీ ఉన్న చెయ్యి వెనక్కి పోయేలా నిలువునా మడిచి, గోరుతో మడత మీద గట్టిగా ఒకసారి గీసి, జేబులో పెట్టుకున్నాడు.